నౌకర్ల దళంల మన అడ్మిరల్

బొంబాయి పక్క భివండి స్టాండు కాడ ఏ ఆటోవాలానన్న పట్టుకొని "అడ్మిరల్ ఇల్లు" అనుండ్రి. నార్పోలిల పాత కార్ఖానాల ఎనుక గల్లీల దింపుతడు. దిగినంక ఒక అరుగు మీద బనీను తోని కూసోని ఎల్లిగడ్డ పొట్టు తీస్తున్న ముసలాయన కనపడుతడు. ఆయనే. బిల్లలు, పతకాలు, మీసాలు చూద్దామని వచ్చినోల్లు జర నారాజ్ ఐతరు. "గీయనేనా?" అని మల్ల ఆటోవాలానే అడుగుతరు.

అడ్మిరల్ అంటే నౌకాదళంల అందరి కన్న పెద్ద సాబు. మన బుచ్చిరాములన్న ఆ దళంల పని చేసిన మాట నిజం. పాకిస్తాన్ తోని లడాయి ఐనప్పుడు సముద్రం నడుమ ఉన్న మాట నిజం. అడ్మిరల్ సాబు భుజం పక్కన నిలబడ్డ మాట గూడ నిజమే. చేతుల తుపాకి ఉండెనా, దుర్బిణి ఉండెనా అని మాత్రం అడుగకుండ్రి. చాయ్ కెటిలీ ఉండె. ఐనా మన తెలుగోల్లల్ల, అండ్ల కూలికి సాంచ, అంటే కరెంటు మగ్గం, నడుపుకునెటోల్లల్ల, లడాయికి అంత దగ్గరికి పోయినోడు ఇంకొకడున్నడా? ఉంటే చెప్పుండ్రి, ఈ కాయితం చింపేస్త. మన పిల్లలకు పరాయోల్ల గొప్పలు నోటికి వస్తయి, మనోల్లయి రావు. అందుకే రాస్తున్న.

ఆయనది జగిత్యాల దిక్కు ఊరు. ఇంటోల్లకు భూమి అంటే గోర్లల్ల ఇరికిన మట్టే. మీసం మొలిచేటాల్లకు మేనమామ ఎంబడి భివండికి వచ్చి, కార్ఖానాల సాంచల కింద దూది ఊడ్సుడు, కండెలు మోసుడు మొదలుపెట్టిండు. చాయ్ హోటల్ల ఒక రేడియో ఉండె. ఒకనాడు దాంట్ల తెలుగు వార్తలు వచ్చినై. నౌకాదళంల పడుచు పిల్లగాండ్లను తీసుకుంటున్నరని చదివిండ్రు. సాంచల చప్పుడుకు అప్పటికే సగం చెవులు. మనోనికి "నౌకర్ల దళం" అని ఇనపడ్డది.

"మామా, సర్కారు నౌకర్లకు ఒక దళమే పెట్టిందట."

"అండ్ల నౌకరీ ఇస్తరా?"

"నౌకరీ ఇయ్యకుంటే నౌకర్ల దళం అని ఎందుకు పేరు పెడుతరే?"

ఈ మాటల మామకు తప్పు దొరకలే. ఉతికిన అంగీ ఏసి, నెత్తికి నూనె రాసి బొంబాయి పంపిండు. అక్కడోల్లు ఈత వస్తదా అని అడిగితే "చెర్ల బర్రెలను కడిగిన సాబ్" అన్నడట. ఏ కాయితం మీద ఏం రాసుకున్నరో గని, వంటశాల దిక్కు పనికి తీసుకున్నరు. అది ఓడ అని ఆయనకు ఎక్కినంక గూడ తెల్వలే. నేల ఊగుతుంటే పక్కోన్ని అడిగిండట, "భాయ్, ఈ బంగ్ల కింద సాంచ ఏమన్న బిగించిండ్రా?"

ఇగ లడాయి ముచ్చట. ఓడల దీపాలన్ని బంద్. బీడి ముట్టిచ్చినా కొట్టేటట్టు ఉన్నరు. పైన అడ్మిరల్ సాబు నిలబడి చీకట్లకు చూస్తుండు. బుచ్చిరాములన్న చీకట్లనే మెట్లెక్కి, చుక్క ఒలకకుండ చాయ్ అందించిండు. సాబు కప్పు పట్టుకొని ఇంగ్లీషుల ఏదో అడిగిండు. ఎడమకు పోదామా, కుడికి పోదామా అన్నడని మనోని నమ్మకం. మనోనికి వచ్చిన ఇంగ్లీషు ముక్కలు రెండే.

"యెస్ సార్," అన్నడు.

ఓడ సక్కగ పోయింది. అందరు క్షేమంగ తిరిగి వచ్చిండ్రు. "ఎడమ గాదు, కుడి గాదు, సక్కగ పో అని నేనే కదరా చెప్పింది," అని ఇప్పటికీ అంటడు. ఎవరన్న నవ్వితే, "మరి చాయ్ లేకుంటే సాబు నిద్రపోతుండె. నిద్రపోతే లడాయి ఎవరు గెలుస్తుండె, మీ తాతనా?" అని ఎదురు అడుగుతడు.

ఆ ఓడల జెండాలు ఊపే మనిషి ఒకాయన ఉండె. రెండు చేతులల్ల రెండు చిన్న జెండాలు పట్టుకొని, ఒక్కో తీరుగ చేతులు పెడితే ఒక్కో అక్షరం. గట్ల ఒక ఓడ మీది నుంచి ఇంకో ఓడకు మాట పంపుతరు. బుచ్చిరాములన్న ఆయనకు మీగడ ఎక్కువేసి చాయ్ పోసి ఆ ఇద్య గుంజుకున్నడు.

లడాయి ఒడిసినంక కొన్నేండ్లకు దళం ఇడిచిపెట్టి మల్ల నార్పోలికే వచ్చిండు. అంత మంచి నౌకరీ ఎందుకు ఇడిచినవే అంటే ఆయన చెప్పేది ఒక్కటే మాట. "సముద్రంల చప్పుడు లేదు. నిద్ర పట్టలే."

ఇక్కడ మొదలైంది అసలు ఘనత. సాంచలు నడిచే కార్ఖానాల పక్కోడు చెవుల మొత్తుకున్నా ఇనపడది. మనోల్లందరం పెదవులు చూసి మాట పట్టుకునెటోల్లమే. దగ్గరుంటే పెదవులు సరే, ఆ కొస నుంచి ఈ కొసకు ఎట్ల? బుచ్చిరాములన్న రెండు చిందిగుడ్డలు తీసుకొని, జెండాల భాషను తెలుగుల దించిండు. చేతులు పెట్టే తీర్లు తక్కువ, మన అక్షరాలు ఎక్కువ. అందుకని ఎవరు వాడని అక్షరాలను సముద్రంల పడేసిండు. గుణింతం లేదు, ఒత్తు లేదు, మాటకు మాటకు నడుమ సందు లేదు. "చాయ్ వచ్చె" అంటే "చయవచ". వారం తిరిగేసరికి కార్ఖానా మొత్తం చయవచ చయవచ అని ఊపుడే.

ప్రతి ముచ్చటను "అడ్మిరల్ సాబు నాతోని అన్నడు" అని మొదలుపెడుతుండె గనుక ఆయనకే ఆ పేరు పడ్డది. మొదలు ఎక్కిరింతకే. తర్వాత ఒకనాడు కరెంటు తీగ కాలి మూలకు మంట లేచింది. ఒర్లితే ఎవరికి ఇనపడాలె? ఈయన గట్టెక్కి గుడ్డలు ఊపిండు, ఆ కొసకున్నోడు చదివి మెయిన్ బటన్ కొట్టిండు. ఒక్కనికి గూడ బొబ్బ రాలే. ఆ నాటి నుంచి అడ్మిరల్ అనే పేరుల ఎక్కిరింత పోయి, పేరు మిగిలింది.

అన్ని విజయాలే అని చెప్తే అబద్ధమైతది. ఒకపారి సేటు బయిటికి పోయిండని ఒకడు "సటపయడ" అని ఊపిండు. సేటు పోయిండు, బీడీలు తాగుండ్రి అని దాని అర్థం. ఆ కొసకు ఊరి నుంచి కొత్తగ వచ్చినోడు ఉండె. సేటు పోయిండు అంటే పానమే పోయిందనుకున్నడు. సాంచ బంద్ పెట్టి శోకం మొదలుపెట్టిండు. ఆన్ని చూసి పక్కోడు, పక్కోన్ని చూసి ఇంకొకడు. సేటు పాన్ నములుకుంట తిరిగి వచ్చేసరికి ఆయన కుర్చీకి పూలదండ ఏసి ఉన్నది. "మన్‌హూస్ లోగ్!" అని సేటు తిట్టిండు గని, ఆ పూలదండను మాత్రం ఇంటికి తీసుకపోయిండు.

ఇగ పెంటవ్వక్క ముచ్చట చెప్పకుంటే ఆమె నాకు చాయ్ బంద్ చేస్తది. పెండ్లి చూపులప్పుడు "పిలగాడు నౌకాదళంల ఉండె" అని చెప్తే, ఆమె నాయిన గూడ "నౌకరీల ఉండె" అనే ఇన్నడు. సర్కారు నౌకరీ అని పిల్లనిచ్చిండు. వచ్చి చూస్తే కూలి సాంచ. అప్పటి నుంచి మొగన్ని ఊరంత అడ్మిరల్ అంటే, ఆమె ఒక్కతి "మా నౌకరు" అంటది. కార్ఖానాల మూలకు కూసోని ఆమె కండెలు చుట్టేది. జెండాల భాష నేర్పుత అంటే "మీ కోతి చేష్టలు నాకెందుకు" అని మొకం తిప్పుకునేది.

ఏండ్లు గడిచినై. ఆయన నడిపిన సాంచలు తుక్కుల పోయినై. చెవులు పోయినై. పండ్లల్ల సగం పోయినై. మనుమరాలు సోనాలి చెవి మిషను తెచ్చిచ్చింది. అది పెట్టుకుంటే ఊరంత మల్ల కార్ఖానా ఐతుందని జేబుల ఏసుకొని తిరుగుతడు. ఆయనకు మిగిలింది ఏడాదికి ఒక్కటే రోజు. రాఖీ పున్నానికి మన నేతోల్ల దేవుడు మార్కండేయుని రథం ఎల్లుతది గద, దాని ముంగట రెండు జెండాలు పట్టుకొని నడుస్తడు. జెండా లేపితే తాడు పట్టినోల్లు గుంజాలె, దించితే చక్రాలోల్లు చెక్కలు పెట్టాలె. ఆ ఒక్క రోజు కోసం ఆయన మిగిలిన రోజులన్ని ఎల్లిగడ్డ పొట్టు తీస్తడు.

కిందటేడు ఆ రోజే పొరపాటు జరిగింది. నాగావ్ మలుపు కాడ రథం గోపురం మీది కలశం ఒక ఫ్లెక్సీకి తట్టింది. ఎనుక నుంచి "ఆగు! ఆగు!" అని గల్లీ అంత ఒర్లింది. ఈయనకు ఇనపడలే. జెండా లేపే ఉంచిండు. తాడోల్లు గుంజిండ్రు. కలశం వంగింది, ఫ్లెక్సీ మీది నాయకుని మూతి చినిగింది.

రథం తీసే సంఘానికి పెద్ద గాలయ్య. పెంటవ్వకు సొంత తమ్ముడు, బుచ్చిరాములన్నకు బామ్మర్ది. చెడ్డోడు గాదు. ఈ ఏడు మీటింగుల నిలబడి సక్కగనే చెప్పిండు.

"బావ మీద నాకు గౌరవమే. గని ఈపారి తట్టేది ఫ్లెక్సీ గాదు, కరెంటు తీగ ఐతే? ముంగట నడిచేటోనికి ఎనుకటి మాట ఇనరావాలె. జెండాలు స్వప్నిల్‌కు ఇద్దాం."

స్వప్నిల్ సంఘం కుర్రోల్లల్ల చురుకైనోడు, మెడల ఈల ఎప్పటికీ ఉంటది.

బుచ్చిరాములన్న బామ్మర్ది పెదవులు చదివిండు. గోడకు సున్నమేసినట్టు మొకం తెల్లగైంది. "పరీక్ష పెట్టు," అన్నడు. "పెట్టి చూడు. లడాయిలనే ఇన్నోన్ని."

"తాతా, టెన్షన్ ఘేఊ నకో, ఫికర్ చెయ్యకు, గని నీకు నిజంగనే ఇనపడది కదా," అన్నది సోనాలి మెల్లగ.

"ఏందీ?" అన్నడు తాత.

పండుగ ముందటి రోజు ఉత్త రథాన్ని ఒకపారి తిప్పి చూస్తం. ఆ రోజే పరీక్ష. గాలయ్య రథమెక్కి ముంగట నిలబడ్డడు. దవుడల పాన్. షర్తు అందరి ముంగట చెప్పిండు. "బావా, ఎనుకకు చూడకుండ నడువు. నేను మామూలుగ 'ఆగు' అంట. ఆగినవా, జెండాలు నీయే. ఆగలేదా, స్వప్నిల్‌యి."

రథం కదిలింది. ఆయన ముంగట నడుస్తుండు. ఎనుక నుంచి చూస్తే మెడ కర్రలెక్క బిగుసుకపోయింది. ఇనపడదని ఆయనకు తెలుసు. మాకు తెలుసు. రథానికి గూడ తెలుసు. ఇంకో నాలుగు అడుగులు పడితే జెండాలు పోతయి.

ఎదురుంగ వాల్లు ఉండే చాల్, వరుస గదుల బంగ్ల, ఉన్నది. దాబా మీద పెంటవ్వక్క బట్టలు ఆరేస్తుంది. ఒక చేతుల తెల్ల ధోతి, ఒక చేతుల ఎర్ర లంగ. ఆమె కండ్లు రథం మీది తమ్ముని మూతి మీద ఉన్నయి. ధోతి పైకి లేచింది, లంగ పక్కకు పోయింది. తీరు మారింది.

అ. గ.

బుచ్చిరాములన్న కాలు గాలిలనే ఆగింది. జెండాలు దించిండు. మేము చెక్కలు పెట్టినం. రథం మీద గాలయ్య నోరు ఇంకా "ఆగు" కాడనే ఉన్నది. జపం చేసేటప్పుడు గూడ ఆయన అంత మెల్లగ మాట్లాడడు.

మాకెవ్వరికి దాబా మీద ధ్యాస లేదు. మేము ఆయన ఈపే చూస్తున్నం.

"గాలికి ఆగిండు," అని గొణిగిండు గాలయ్య.

లంగ ఊగింది, ధోతి ఊగింది. గ, ల, క.

ముంగట నుంచి జవాబు వచ్చింది. "గాలికి ఆగెతందుకు నేను పతంగినా?"

జనం ఘొల్లుమన్నరు. గాలయ్య మొకం మాడింది. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుందామనుకొని గూడ పెట్టుకోలే. "బడాయి," అన్నడు పెదవుల నడుమ.

"బడాయి గాదు బామ్మర్దీ, లడాయి! లడాయిల ఉన్నోన్ని!"

తాడోల్లు తాడిడిచి చప్పట్లు. స్వప్నిల్ ఈల నోట్ల నుంచి జారింది. అక్కడికి ఊకుంటే గెలుపే. గని దాబా మీదున్నామెకు చిన్నప్పటి నుంచి తమ్ముని మీద ఒక్క కోరిక మిగిలి ఉన్నది. బట్టలు మల్ల లేచినై. త, ప, య, ద. మ, న, చ.

బుచ్చిరాములన్న చదివిండు. నిలబడ్డ జాగల్నే గిర్రున తిరిగిండు. కండ్లల్ల నీల్లు.

"అంత మాటెందుకు గాలయ్యా! తప్పయింది మన్నించు అంటవా? నువ్వు నా తమ్మునసొంటోనివి. మన్నించిన, పో!"

గాలయ్య నోట్ల పాన్ రసం నిండి ఉన్నది. తుపుక్కున ఉమ్మేదాక ఆయన నోరే తెరవలేదని అందరం చూసినం.

"అరే, వర్ బఘా!" అని సోనాలి ఒర్లింది. "అవ్వ!"

అందరం తలెత్తినం. పెంటవ్వక్క రెండు చేతులు చాపి, ఎర్ర లంగ తెల్ల ధోతి పట్టుకొని, "చ" కాడ ఆగిపోయి ఉన్నది.

"అక్కా!" అన్నడు గాలయ్య. "ఆ మాట నేనెప్పుడన్న?"

"అనలే. అనాలె గద, అనవని నేనే అన్న."

బుచ్చిరాములన్న నోరు తెరిచి ఆమెనే చూస్తుండు. సంసారమంత ఎనుక నుంచి ఒక్కసారి కండ్ల ముంగట తిరిగినట్టున్నది. "నీకు ఈ భాష ఎప్పుడొచ్చింది?"

ఆమె దాబా అంచు దాక వచ్చి, పెదవులు ఆయనకు కనపడేటట్టు నిదానంగ చెప్పింది. "మూలకు కూసోని కండెలు చుట్టిన్నాటి నుంచి. 'పెంటవ్వ వస్తుంది, బీడి దాచు' అని నువ్వు ఊపింది చదివిన. 'పెంటవ్వ కూరల ఉప్పు లేదు' అని నీ సోపతిగాండ్లు ఊపింది గూడ చదివిన. అందరియి యాది ఉన్నయి."

కొందరు చక్రాల కింద చెక్కలు సర్దుకునుడు మొదలుపెట్టిండ్రు. అవి సక్కగనే ఉండె.

గాలయ్య రథం దిగిండు. నవ్వుతలేడు. "బావా, నువ్వు ఇన్లే. చూసినవు. షర్తు ఓడినవు."

ఆ మాటల తప్పు లేదని బుచ్చిరాములన్న మొకమే చెప్పింది. జెండాలు చుట్టిండు. చుట్టి స్వప్నిల్ దిక్కు చాపిండు. ఆ పిలగాడు తీసుకునెతందుకు చెయ్యి ముంగటికి పెట్టలే.

"ఆగు!"

మోకాల్లు పట్టుకొని మెట్లు దిగివచ్చింది పెంటవ్వక్క. తమ్ముని ముంగట నిలబడ్డది. "షర్తు ఏందిరా? 'ఆగు అంటే ఆగాలె' అన్నవు. చెవుల తోనే ఆగాలె అన్నవా?"

గాలయ్య మమ్ముల చూసిండు. మేము రథాన్ని చూసినం.

"అనలే," అన్నడు ఆఖరికి. "గని అక్కా, రేపు రథం ఊరంత తిరుగుతది. గల్లి గల్లికి దాబా ఎక్కుతవా? నీ మోకాల్లు చూసుకున్నవా?"

"దాబా ఎందుకు? గుడ్డ తాకాలు మోసే తోపుడు బండి, హాత్‌గాడీ, ఒకటి పెట్టు. నేను రథం దిక్కు మొకం పెట్టి కూసుంట. నీ మూతి నాకు కనపడాలె, నా చేతులు ఆయనకు కనపడాలె. గంతే."

"రథం ముంగట ఆడోల్లు ఎన్నడు..."

"రథం మీద కూసుంట అన్ననా? ముంగట అన్న. ఇంకొకటి, రేపు పాన్ తినకు. నీ అక్షరాలన్ని ఎర్రగ ఐతున్నయి."

గాలయ్య గదుమ గోక్కున్నడు. తర్వాత స్వప్నిల్‌ను పిలిచి, హాత్‌గాడీ చక్రాలకు నూనె పొయ్యమన్నడు.

పండుగ నాడు చూసినోల్లకు తెలుసు, చూడనోల్లకు చెప్తున్న. ముంగట హాత్‌గాడీ, దాని మీద మడత పెట్టిన కోరా గుడ్డల మీద పెంటవ్వక్క, పట్టుచీర, ఎనుకకు మొకం. స్వప్నిల్ బండి గుంజుతుండు. తర్వాత ఇస్త్రీ అంగీల అడ్మిరల్. తర్వాత రథం, రథం మీద పాన్ లేని గాలయ్య. మన ఊరేగింపుల రథం ముంగట ఒక ఆడమనిషి కూసోని నడిపించుడు ఇదే మొదలు. భివండిల ఇంకెక్కడన్న ఐందా? కాలే.

నాగావ్ మలుపు వచ్చింది. డీజే మోతకు స్వప్నిల్ ఈల స్వప్నిల్‌కే ఇనపడలే. కలశానికి జానెడు దూరంల ఒక తీగ ఏలాడుతుంది. గాలయ్య పెదవులు కదిలినై. అక్క చేతులు లేచినై. బావ జెండాలు దిగినై. చక్రాలు ఆగినై. రెప్ప కొట్టినంత సేపే. ఒక పిలగాడు పొడుగు బొంగుతోని తీగ లేపిండు. "రానీ," అన్నడు గాలయ్య.

పెంటవ్వక్క ఊపింది. న. క. ర.

అడ్మిరల్ నిటారుగ ఐండు. రెండు జెండాలు ఆకాశానికి లేపిండు. రథం కలశం వంగకుండ, తీగ తాకకుండ మలుపు తిరిగింది.

ఆనాడు పొద్దుగూకినంక అరుగు మీద కూసోని ఆయన ఒక్కటే ముచ్చట. "ఇన్నరా, అందరి ముంగట నన్ను నౌక అన్నది. 'నౌక, రా' అన్నది."

"ఎవలన్నరు?" లోపటి నుంచి పెంటవ్వక్క. "'నౌకరా' అన్న. నౌకరును నౌకరు అనక ఏమంటరు?"

"రెండు గాదు," అన్నడు గాలయ్య, పొద్దటి నుంచి ఆపుకున్న పాన్ దవుడకు పెట్టుకుంట. "'నక్కరా' అన్నది. మా అక్క నాకు తెల్వదా?"

మొగని కండ్ల ముంగటికి వచ్చి నిలబడ్డది పెంటవ్వక్క. "గుణింతం తీసేసింది నువ్వు. మాటకు మాటకు సందు లేకుండ చేసింది నువ్వు. వచ్చే ఏడు సందు పెట్టి ఊపుత, అప్పుడు తెలుస్తది."

బుచ్చిరాములన్న ఆమె పెదవులు చదివిండు. ఎల్లిగడ్డ ఒకటి తీసి పొట్టు ఒలుచుకుంట చెప్పిండు.

"వద్దు. సందు పెట్టకు."